క్లాసిక్ కార్ల క్లబ్బులో చేరాలా, సొంత కారే కొనుక్కోవాలా?

మీరు అడిగినది ఇదీ. ఇంగ్లండులో, రెడింగ్‌లో ఉంటున్నారు, వయసు 34, ఐటీ ఉద్యోగం, ఇంట్లో భార్య, అయిదేళ్ళ పాప. ఇక్కడి లైసెన్సు వచ్చి మూడేళ్ళయింది, మాన్యువల్‌లోనే పాసయ్యారు, స్పీడింగ్ కింద లైసెన్సు మీద 3 పాయింట్లు పడ్డాయి. పాత కార్లన్నా, మంచి స్పోర్ట్స్ కార్లన్నా చిన్నప్పట్నుంచీ ప్రాణం. ఏడాదికి 3,600 పౌండ్లు కడితే తమ గారేజీలో ఉన్న కార్లలో ఏది కావాలంటే అది తీసుకెళ్ళి నడుపుకోవచ్చని ఒక క్లబ్బువాళ్ళు చెప్పారు. చేరాలా, ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ఒక పాత ఎంజీబీ (రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొనుక్కోవాలా, లేకపోతే ఎప్పుడైనా ఒక రోజుకి అద్దెకు తీసుకుంటే సరిపోతుందా అన్నది మీ సందేహం. కొన్నేళ్ళకి హైదరాబాద్ వెళ్ళిపోయాక అక్కడ ఇలాంటిది పెట్టొచ్చా అని కూడా అడిగారు.

నేను కోవెంట్రీలో పదిహేడేళ్ళుగా ఉంటున్నాను. ఇలాంటి క్లబ్బులు రెండింటిలో కలిపి ఏడేళ్ళు సభ్యుణ్ణి. అందులో ఒకటి ఏడాది మధ్యలో మూతపడింది, ఆ సంగతీ చెప్తాను. ఒక ఎంజీబీని నాలుగేళ్ళు సొంతంగా పెట్టుకుని చూసుకున్నాను కూడా. కాబట్టి మూడు వైపులా చూసినవాడిగా చెప్తున్నాను: మీరు చేరండి. అయితే ఆ నిర్ణయం మీ కేలెండర్‌ని ముందు పెట్టుకుని తీసుకోండి. వాళ్ళ కార్ల జాబితా ఎంత గొప్పగా ఉన్నా మీకు ఖాళీ దొరికే రోజుల్ని అది ఒక్కటి కూడా పెంచదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ఇక్కడ కార్ క్లబ్ అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క అర్థం. వీధి చివర నిలబెట్టి ఉండే మామూలు కార్లని గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్ళనీ కార్ క్లబ్ అనే అంటారు. సొంత కారున్నవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘాలూ కార్ క్లబ్బులే. 1930లో మొదలైన ఎంజీ కార్ క్లబ్, 1934లో మొదలైన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ ఆ రకం. వాటిలో కార్లు ఇవ్వరు, మనుషుల్ని పరిచయం చేస్తారు. మీరు అడిగేది మూడో రకం. కార్లు క్లబ్బువే, బాగుచేసేదీ ఇన్సూరెన్సు కట్టేదీ వాళ్ళే, మనం చందా కట్టి రోజుల లెక్కన నడుపుకుంటాం. లండన్‌లో క్లాసిక్ కార్ క్లబ్ 1995లో ఈ పద్ధతిలోనే మొదలైంది. 1996 ఫార్ములా వన్ చాంపియన్ డేమన్ హిల్ కూడా 2000లో ఒకరితో కలిసి పీ1 ఇంటర్నేషనల్ అని కొత్త సూపర్‌కార్లకి ఇలాంటి క్లబ్బే పెట్టారు. అంటే పద్ధతి కొత్తదేం కాదు.

ఇప్పుడు పాయింట్ల లెక్క. లైసెన్సు మీద పడే పాయింట్లు కావు, ఇవి క్లబ్బు మనకిచ్చే పాయింట్లు. చందా కట్టగానే ఏడాదికి ఇన్నని మన ఖాతాలో వేస్తారు. కారు ఎంత ఖరీదైనదైతే రోజుకి అన్ని ఎక్కువ పాయింట్లు పోతాయి. వారం మధ్యలో తక్కువ, శనాదివారాల్లో ఎక్కువ. చలికాలం తక్కువ, ఎండాకాలం బాగా ఎక్కువ. ఉదాహరణకి మీ 3,600 పౌండ్లకి 500 పాయింట్లు ఇచ్చారనుకోండి. జులైలో శనివారం ఎంజీబీకి 18, జాగ్వార్ ఈ-టైప్‌కి 55 పోతాయనుకోండి. చేరిన రోజు రాత్రి అందరం కాగితం మీద లెక్కేసుకుంటాం: ఎంజీబీ అయితే 27 రోజులు, రోజుకి 133 పౌండ్లే కదా, పర్లేదు! అని.

జరిగేది వేరు. మీకు చిన్న పాప ఉంది. ఏటా నాలుగు వారాలు ఇండియా ప్రయాణం ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఉండే శనివారాలు ఇరవై చిల్లర. వాటిలో పుట్టినరోజులు, గృహప్రవేశాలు, తెలుగు సంఘం కార్యక్రమాలు, వాన పడేవి తీసేయండి. మిగిలినవాటిలో ఆరు శనివారాలు ఎంజీబీ, మూడు శనివారాలు ఈ-టైప్ తీసుకున్నారనుకుందాం. అయ్యేవి 273 పాయింట్లు. 227 మిగిలిపోతాయి, ఏడాది చివర మురిగిపోతాయి. తొమ్మిది రోజులకి 3,600 అంటే రోజుకి 400 పౌండ్లు. ఆ డబ్బుకి ఏ చందా లేకుండా ఒక రోజు అద్దెకే మంచి పాత కారు దొరుకుతుంది. మొదటి ఏడాది నాకు సరిగ్గా ఇదే జరిగింది. నవంబర్లో చూసుకుంటే ఖాతాలో సగం పాయింట్లు అలాగే ఉన్నాయి.

మరి మిమ్మల్ని చేరమని ఎందుకంటున్నానంటే, మీరు రాసినదాంట్లో ఒక మాట ఉంది. రెండు వారాలకొకసారి శుక్రవారం మీకు సెలవు. అదే మీ బలం. పాపని బడిలో దింపి తొమ్మిదిన్నరకి బయల్దేరి, మూడింటికి తిరిగి రావచ్చు. శుక్రవారం రోడ్లు ఖాళీగా ఉంటాయి, పాయింట్లు తక్కువ పోతాయి, కావలసిన కారు దొరుకుతుంది. కొన్ని క్లబ్బులు శుక్రవారాన్ని వారాంతం కింద లెక్కేస్తాయి, ఇదొక్కటి మాత్రం చేరేముందు తప్పకుండా అడగండి. నా లెక్క ఇదీ: ఏడాదికి పది రోజులు దాటి నడపలేమనిపిస్తే అద్దె మేలు. పదిహేను దాటి, అందులో సగం మామూలు రోజులైతే క్లబ్బు మేలు. మధ్యలో ఉన్నవాళ్ళు ఆరు నెలల సభ్యత్వం ఇస్తారేమో అడగాలి. అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

మంచి కార్లన్నీ ఒకే రోజున అందరికీ కావాలి. సెప్టెంబర్లో గుడ్‌వుడ్ రివైవల్ వారాంతం ఉంటుంది చూడండి, అది అలాంటిది. గుడ్‌వుడ్ సర్క్యూట్‌లో 1948 నుంచి 1966 దాకా రేసులు జరిగాయి. ఆ కాలాన్ని మళ్ళీ చూపించే పండగలాగా 1998 నుంచి రివైవల్ నడుస్తోంది. 1966కి ముందు కార్లలో వచ్చినవాళ్ళకి విడిగా పార్కింగ్ ఉంటుంది, ఆ పార్కింగ్ చూడటానికే సగం రోజు పడుతుంది. ఆ వారాంతానికి క్లబ్బుల్లో కార్లన్నీ నెలల ముందే అయిపోతాయి. సభ్యులు ఎంతమంది, కార్లు ఎన్ని అని అడగండి. ఒక్క కారుకి పది మంది సభ్యులకన్నా ఎక్కువుంటే ఎండాకాలంలో ఇబ్బందేనని నా అనుభవం.

ఇక లైసెన్సు, ఇన్సూరెన్సు. ఈ రెంటి దగ్గర మొహమాటం పనికిరాదు. మీ 3 పాయింట్ల సంగతి దరఖాస్తులోనే రాయండి. మామూలుగా 25 ఏళ్ళు దాటి, లైసెన్సు వచ్చి రెండేళ్ళు అయినవాళ్ళని తీసుకుంటారు, 3 పాయింట్లకి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. దాచిపెట్టి, రేపు ఏదైనా జరిగాక బయటపడితే ఇన్సూరెన్సు చెల్లదు. అప్పుడు ఈ-టైప్ రిపేరు బిల్లు మొత్తం మన మీద పడుతుంది. ఇది చదివే కొత్తవాళ్ళకి కూడా ఒక మాట. మన తెలుగువాళ్ళు ఇక్కడ తేలిగ్గా అయిపోతుందని ఆటోమేటిక్‌లో టెస్టు పాసవుతున్నారు. లైసెన్సు వెనక 78 అని కోడ్ పడుతుంది. దాంతో మాన్యువల్ కారు నడపకూడదు, అంటే పాత స్పోర్ట్స్ కార్లలో ముప్పాతిక వంతు మీకు అందవు. ఇండియాలో పదేళ్ళు గేర్ల కారు నడిపినా ఇక్కడ లెక్కలోకి రాదు. లైసెన్సు వచ్చిన మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దు. కాబట్టి పవర్ ఉన్న కార్ల జోలికి ఆ రెండేళ్ళు అయ్యాకే వెళ్ళాలి.

ప్రమాదం జరిగితే ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తాన్ని ఇక్కడ ఎక్సెస్ అంటారు. మామూలు కారుకి రెండు మూడు వందలు ఉండే ఆ ఎక్సెస్, క్లబ్బు కార్లకి వేలల్లో ఉండొచ్చు. ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి పట్టిక అడిగి తీసుకోండి. మీ శ్రీమతి కూడా నడపాలంటే రెండో డ్రైవరుగా పేరు చేర్చాలి, దానికి విడిగా డబ్బుంటుంది. రోజుకి ఎన్ని మైళ్ళు, దాటితే మైలుకి ఎంత, టైరు పంచరైతే ఎవరిది, కారు ఆగిపోతే ఆ రోజు పాయింట్లు వెనక్కి ఇస్తారా అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. ట్రాక్ మీద నడపడానికి ఈ ఇన్సూరెన్సు మామూలుగా వర్తించదు.

మొదటి ఏడాదే నేనొక తప్పు చేశాను. ఒక ఆల్ఫా రోమియో స్పైడర్ తీసుకున్నాను. చీకట్లో తిరిగి అప్పగించాను, ఫోటోలు తియ్యలేదు. మర్నాడు వెనక చక్రం రిమ్ము మీద గీత ఉందని 350 పౌండ్లు వేశారు. నేను ఏ రాయికీ రాయలేదు, నాకు తెలుసు. రుజువు లేదు, కట్టాను. అప్పట్నుంచీ కారు తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ నాలుగు చక్రాలు, నాలుగు మూలలు, ముందు అద్దం, మైలేజీ మీటరు ఫోటోలు తీస్తాను. అయిదు నిమిషాల పని. గారేజీ అబ్బాయిని పక్కన నిలబెట్టుకునే తియ్యండి, వాళ్ళేమీ అనుకోరు.

మూతపడిన క్లబ్బు సంగతి. మార్చిలో ఏడాది చందా కట్టాను, జులైలో ఒక ఈమెయిల్ వచ్చింది, గారేజీకి వెళ్తే తాళం. కార్లలో కొన్ని క్లబ్బువి కావని అప్పుడు తెలిసింది. వేరేవాళ్ళ కార్లని లీజుకి తెచ్చి నడుపుతున్నారు, వాళ్ళు వచ్చి తోలుకుపోయారు. చందా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేశాను కాబట్టి ఒక్క పౌండు కూడా వెనక్కి రాలేదు. నాతోపాటు చేరిన ఒకాయన క్రెడిట్ కార్డుతో కట్టాడు, ఆయనకి వచ్చింది. ఇక్కడ 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్టులో 75వ సెక్షన్ ఉంది. 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల దాకా ధర ఉన్నదేదైనా క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాళ్ళు మాట నిలబెట్టుకోకపోతే కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. కాబట్టి ఎంత డిస్కౌంటు ఇస్తామన్నా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చెయ్యకండి. చేరేముందు కంపెనీస్ హౌస్ (కంపెనీల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ పేరు కొట్టి చూడండి, లెక్కలు ఉచితంగానే కనిపిస్తాయి. లెక్కలు ఆలస్యంగా దాఖలు చేస్తూ, డైరెక్టర్లు ఏడాదికొకరు మారుతూ ఉంటే ఆగండి. కార్లు మీవేనా, లీజువా అని ముఖం మీదే అడగండి. సరైన జవాబు చెప్పడానికి ఇబ్బందిపడే చోట మనకి పనిలేదు.

ఇంత టెన్షన్ పెట్టుకుని ఎందుకు చేరాలంటారా? దానికి జవాబు నా మొదటి ఎంజీబీ రోజు చెప్తుంది.

మా నాన్న భీమవరంలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. పెట్రోలు బండి, స్టీరింగ్ పక్కన గేరు. పొద్దున్నే ఆయన చోక్ లాగి, ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకునే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. క్లబ్బులో మొదటిరోజు మెకానిక్ 1969 ఎంజీబీ బానెట్ ఎత్తి చూపిస్తుంటే ఆ ఇంజన్ని ఎక్కడో చూసినట్టనిపించింది. ఆయనే చెప్పాడు: ఇది బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన బీ-సిరీస్ ఇంజను, 1798 సీసీ. మన అంబాసిడర్‌లో ఉన్నదీ అదే కుటుంబం, 1489 సీసీ. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన అంబాసిడర్ అయింది. అక్కడికి కొద్ది మైళ్ళలోనే ఉన్న ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఎంజీబీ తయారైంది. ఇంగ్లండు వచ్చిన ఇన్నేళ్ళకి, ఎవరిదో గారేజీలో, మా నాన్న బండికి చుట్టం కనిపించింది నాకు.

ఆ కారు స్టార్టు చెయ్యడమే ఒక పని. తాళం సగం తిప్పగానే వెనకవైపు నుంచి టిక్ టిక్ టిక్ అని వినిపిస్తుంది. అది ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు. కార్బ్యురేటర్లు నిండేకొద్దీ టిక్ టిక్ నెమ్మదిస్తుంది. అప్పుడు చోక్ పూర్తిగా లాగి తాళం తిప్పాలి. అందుకోగానే చోక్ కొంచెం లోపలికి నెట్టాలి, చప్పుడు బట్టి. ఆయిల్ ప్రెషర్ ముల్లు పైకి లేవడం కళ్ళతో చూడాలి. క్లచ్చు బరువు. స్టీరింగు ఆగి ఉన్నప్పుడు రాయిలా ఉంటుంది, కదలగానే తేలికవుతుంది. పవర్ స్టీరింగు లేదు, ఏబీఎస్ లేదు, ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ములు. ముందు కారుతో మీ ఇప్పటి కారులో ఉంచే దూరానికి రెట్టింపు ఉంచాలి. బెల్టు కూడా దానంతటదే బిగుసుకోదు, మనమే సరిచేసుకోవాలి.

ఆ రోజు ఆబింగ్డన్ దాటి కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు చిన్న రోడ్ల మీద వెళ్ళాను. గంటకి నలభై అయిదు మైళ్ళు. టాపు తీసి ఉంది. కంచెల పక్కన కోసిన గడ్డి వాసన, ఇంజను వేడి, కొంచెం పెట్రోలు వాసన కలిసి వచ్చాయి. ప్రతి మలుపూ చేతులకి తెలుస్తోంది. నలభై అయిదు మైళ్ళ దగ్గర అంత సంతోషం నేను ఏ కొత్త కారులోనూ పొందలేదు, నిజంగా.

ఇక్కడే పెర్ఫార్మెన్స్ కార్ల గురించి నా అభిప్రాయం చెప్పాలి. మీరు నడపాలని రాసిన కార్ల జాబితాలో పైనున్నవన్నీ అవే: కొత్త పోర్ష, ఫెరారీ. నడపండి, వద్దనను. కానీ ఇక్కడ మోటార్‌వే మీద పరిమితి 70 మైళ్ళు, ఊరి బయట డివైడరు లేని మామూలు రోడ్ల మీద 60. అయిదు వందల హార్స్‌పవర్ కారు రెండో గేరులోనే ఆ పరిమితి దాటేస్తుంది. మిగతా రోజంతా దాన్ని పట్టి ఆపడమే పని. బక్స్‌టన్ నుంచి మాకిల్స్‌ఫీల్డ్ వెళ్ళే ఏ537 రోడ్డు, క్యాట్ అండ్ ఫిడిల్ అంటారు, కారు పిచ్చి ఉన్నవాళ్ళందరికీ పేరు తెలుసు. దానిమీద ఇప్పుడు 50 మైళ్ళ పరిమితి, దారంతా సగటు వేగం కొలిచే కెమెరాలు. మీకు ఇప్పటికే 3 పాయింట్లున్నాయి. మూడేళ్ళలో 12 పడితే లైసెన్సు పోతుంది, దాంతో ఉద్యోగానికి వెళ్ళిరావడమే కష్టమవుతుంది. అదే కేటర్‌హామ్ సెవెన్ తీసుకోండి. 1957 నాటి లోటస్ సెవెన్‌నే 1973 నుంచి కేటర్‌హామ్ వాళ్ళు తయారు చేస్తున్నారు. తలుపులు దాదాపు లేనట్టే, నేలకి జానెడు ఎత్తులో కూర్చుంటాం, 50 మైళ్ళే 100లాగా ఉంటుంది. లేదా మొదటి తరం లోటస్ ఎలీజ్, 1996 నాటిది, ఏడు వందల కిలోల పైచిలుకు బరువు. పెర్ఫార్మెన్స్ అంటే ఏమిటో ఆ రెండూ నేర్పినంత బాగా పెద్ద కార్లు నేర్పవు.

పాత పోర్ష 911 గురించి ఒక్క హెచ్చరిక. దాని ఇంజను వెనక చక్రాలకి ఇంకా వెనక ఉంటుంది. మలుపు మధ్యలో భయమేసి ఒక్కసారిగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారంటే వెనక భాగం బయటికి కొట్టుకుపోతుంది. మలుపుకి ముందే నెమ్మదించాలి, మలుపులో కాలు నిలకడగా ఉంచాలి. అక్టోబర్లో ఆకులు రాలిన తడి రోడ్డు మీద మొదటిసారి 911 తీసుకోకండి. ఎంజీబీ నాలుగైదు సార్లు, తర్వాత మెర్సిడీస్ పగోడానో ఆల్ఫానో, ఆ తర్వాత ఈ-టైప్, చివర 911. నేనైతే ఈ వరసే చెప్తాను.

ఈ-టైప్ 1961లో జెనీవాలో బయటికి వచ్చింది, తయారైంది మా కోవెంట్రీలోని బ్రౌన్స్ లేన్‌లో. మొదటి కార్లలో 3.8 లీటర్ల ఇంజను ఉండేది, గేరు బాక్సు మాత్రం పాతది. మొదటి గేరుకి సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, కాబట్టి కారు పూర్తిగా ఆగకుండా మొదటి గేరు వేస్తే కరకరమంటుంది. 4.2 లీటర్లవాటిలో ఆ బాధ తీరింది. జూన్లో ఒకసారి ఎం40 మోటార్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. టెంపరేచర్ ముల్లు పాకుతూ పైకి పోతోంది. ఎండలో, టాపు తీసిన కారులో హీటరు ఫుల్లుగా పెట్టాను. ఇంజను వేడి కొంత అటు లాగుతుంది. అయినా ఆగలేదు, పక్కకి తీసి ఆపేశాను. రేడియేటర్ మూత ముట్టుకోలేదు, వేడిమీద తెరిస్తే ముఖం కాలిపోతుంది. నాలుగు గంటలు ఆగాక, కారుని ఎక్కించుకెళ్ళే లారీ వచ్చింది. ఆ రోజు పాయింట్లు క్లబ్బు తిరిగిచ్చింది. పాత కారంటే ఇలాంటి రోజు ఏడాదికొకటి ఉంటుందనుకునే రండి. మోటార్‌వే జామ్‌లు ఎటు ఉంటాయో ముందే చూసుకుని, వేరే రోడ్డు పట్టండి.

పెట్రోలు పోసేటప్పుడు జాగ్రత్త. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. పాత కార్ల రబ్బరు పైపులకి అది పడదు. ఈ5 అని రాసి ఉన్న సూపర్ అన్‌లెడెడ్డే పొయ్యాలి. మూత దగ్గర స్టిక్కరు లేకపోయినా అంతే. లండన్ లోపలికి వెళ్తే యూలెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్లకి వేసే రుసుము, చూసుకోండి. 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ వర్తిస్తోంది, రోజుకి 12.50 పౌండ్లు. నలభై ఏళ్ళు దాటి హిస్టారిక్ కింద నమోదైన కారుకి అక్కర్లేదు, 1990ల నాటి స్పోర్ట్స్ కారుకి చాలావరకు కట్టాలి. ఈ తేడా క్లబ్బువాళ్ళు చెప్పడం మర్చిపోతారు.

పాపని తీసుకెళ్ళాలంటే రెండు సీట్ల కార్లు సరిపోవు. జాగ్వార్ మార్క్ 2 లాంటివి అడగండి. వెనక బెల్టులు ఉన్నాయా, మీ చైల్డ్ సీటు అందులో గట్టిగా నిలుస్తుందా అని ముందురోజే వెళ్ళి చూసుకోండి. బెల్టులు లేని పాత కారులో మూడేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించకూడదని చట్టమే ఉంది. మీ పాపకి అయిదేళ్ళే అయినా, వెనక బెల్టు లేని కారులో నేనైతే ఎక్కించను.

సొంత ఎంజీబీ సంగతి. కొనొద్దని చెప్పను, మొదటి ఏడాది మాత్రం వద్దు. ఖర్చు ఒకవైపు నుంచి చూస్తే తక్కువే. నలభై ఏళ్ళు దాటిన కారుకి రోడ్ ట్యాక్స్ సున్నా, కాకపోతే హిస్టారిక్ కిందకి మార్పించుకుని, సున్నా అయినా ప్రతి ఏడూ రెన్యూవల్ చెయ్యాలి. పెద్ద మార్పులు చెయ్యని కారైతే 2018 మే నుంచి ఎంఓటీ, అంటే ఏటా చేయించే బండి తనిఖీ, కూడా తప్పనిసరి కాదు. అయినా నేను ప్రతి ఏడూ చేయించేవాణ్ణి. బ్రేకుల్ని రెండో మనిషి చూడటం మంచిది. అసలు శత్రువు తుప్పు. తలుపు కింద ఉండే సిల్స్ పైకి రంగు వేసి మెరుస్తుంటాయి, లోపల గుల్ల. నాది అలాగే కొన్నాను. వేళ్ళతో నొక్కితే తెలియలేదు, లిఫ్టు మీద పెట్టాక తెలిసింది, వెల్డింగుకి కారు ధరలో మూడో వంతు అయింది. ఒక ఏడాది క్లబ్బులో రకరకాలవి నడిపితే, మీకు నిజంగా ఏ కారు సరిపోతుందో తెలుస్తుంది. అక్కడి మెకానిక్ ఎక్కడ తట్టి చూస్తాడో, ఏ చప్పుడుకి ముఖం చిట్లిస్తాడో చూస్తారు. నన్నడిగితే చందాలో సగం ఆ మెకానిక్ దగ్గర నేర్చుకున్నదానికే సరిపోతుంది. వాన పడే శనివారాల్లో గారేజీకి ఊరికే వెళ్ళండి, టీ ఇస్తారు.

హైదరాబాద్‌లో పెట్టొచ్చా అన్నారు. ఇదే పద్ధతిలో మాత్రం కష్టం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజువారీ తిరగడానికీ వ్యాపారానికీ వాడకూడదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేర్లకి తియ్యొచ్చు. చందా తీసుకుని సభ్యులకి ఇవ్వడం ఆ నంబరు మీద కుదరదు. అక్కడ కుదిరేది సొంత బండ్లున్నవాళ్ళు కలవడం. మన వైపు ఇంకా పాకల్లో, మామిడి తోటల్లో అంబాసిడర్లు, పద్మినీలు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు ఉన్నాయి. ఆ హెరాల్డ్ చాసిస్ మీదే ఇక్కడివాళ్ళు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టారు, విడిభాగాలు చాలావరకు ఇక్కడ ఇంకా దొరుకుతాయి. మీరు తిరిగి వెళ్ళేటప్పుడు ఆ పరిచయాలు పట్టుకెళ్తే, అక్కడ ఒక్క హెరాల్డ్ అయినా మళ్ళీ రోడ్డెక్కుతుంది. ఆ పని చేస్తే నాకూ చెప్పండి, నాకు చేతనైన సాయం చేస్తాను.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. చందా కట్టకముందు, ఒక రోజు ట్రయల్ ఇమ్మని అడగండి. డబ్బు తీసుకున్నా సరే, తర్వాత చేరితే చందాలో తగ్గిస్తారేమో అడగండి. మార్చిలో ఒక శుక్రవారం పెట్టుకోండి. ఫెరారీ అడగకండి, ఎంజీబీ అడగండి. రెడింగ్ నుంచి హెన్లీ, వాలింగ్‌ఫర్డ్ మీదుగా ఆబింగ్డన్ దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి వెనక్కి రండి. కోటు వేసుకోండి, మార్చిలో టాపు తీస్తే చలి బాగా ఉంటుంది, కాళ్ళ దగ్గర మాత్రం ఇంజను వేడి తగులుతుంది. పొద్దున బయల్దేరేటప్పుడు తాళం సగం తిప్పి, వెనకనుంచి ఆ టిక్ టిక్ నెమ్మదించేదాకా ఆగండి. ఆ తర్వాతే స్టార్టు చెయ్యండి.